సగం ప్రదక్షిణం

కృష్ణగిరి చింతపండు మండీలో ధనశేఖర్‌ను మోసం చేయడం కష్టం. మూట మీద చెయ్యి పెడితే చాలు, లోపల గింజ ఎంత, పీచు ఎంత, తూకం కోసం రాత్రి చల్లిన నీళ్లెంత అన్నది చెప్పేస్తాడు. పొలం కొన్నా, పెళ్లి సంబంధం చూసినా ఆయన వేసే లెక్క ఒకటే. ఇందులో పోయేదేమిటి, పోతే మళ్లీ తెచ్చుకోగలమా? తెచ్చుకోలేనిదాన్ని పణం పెట్టే బేరంలోకి ఆయన పోడు. తన వాళ్లను పోనివ్వడు.

అలాంటి మనిషికి దేవుడు శేషప్పను బావగా ఇచ్చాడు.

శేషప్ప అంటే ధనశేఖర్ అక్క బసవమ్మకు మొగుడు. బేరిగై పక్కన గులాబి తోటలున్నాయి. డెబ్భై దాటి మూడు నాలుగేళ్లయింది. యాభై నిండిన కొత్తలో, తోటివాళ్లంతా మోకాళ్లకు తైలం పట్టించుకుంటుంటే, ఈయన పోయి విమానం నడపడం నేర్చుకున్నాడు. లైసెన్సు తెచ్చుకున్నాడు. నాలుగు సీట్ల పాత విమానం ఒకటి కొన్నాడు. గాలి ఎదురొస్తే కింద రోడ్డు మీద పోయే కారు దాన్ని దాటేసి పోయేది. ఆదివారం పూట హోసూరు బయట ఉన్న ప్రైవేటు రన్‌వే నుంచి ఎగిరి, కృష్ణగిరి డ్యాం మీద ఒక చుట్టు చుట్టి, ఇంటికొచ్చి దోసెలు తినేవాడు. ధనశేఖర్ దానికి కూడా సమాధానపడ్డాడు. తాగుడు లేదు, పేకాట లేదు, ఇదొక్కటి ఉంది, పోనీలే అనుకున్నాడు. ఇరవై ఏళ్లు గడిచాయి, ఏమీ కాలేదు.

పోయిన ఏడాది శేషప్ప ఆ పాతదాన్ని సేలంలో ఎవరికో అమ్మేసి, బెంగళూరు ఆసామి దగ్గర ఇంకొకటి కొన్నాడు. సన్నని రెక్కలు, నున్నని ఒళ్లు, గుండ్రటి మీటర్లకు బదులు టీవీల్లాంటి తెరలు. పాతదానికి రెండింతలు వేగం. అప్పటినుంచి ధనశేఖర్‌కు ఆకాశంలో మోత వినిపిస్తే చాలు, చేతిలో ఉన్న పని ఆగిపోతోంది.

మండీలో పక్క కొట్టు నంజప్పకు ఇదొక వేడుక. "ఏమప్పా ధనా, మీ బావ ఈ పొద్దు పైకి పోయినాడా, ఇంకా ఈడనే ఉండాడా? ముసలోనికి దసరా పండగ అంటే వినడమే గానీ, మీ ఇంట్లోనే చూస్తా ఉండాను."

"నీకేం నంజప్పా, నవ్వుతావు. మా అక్క కదా ఆ బండిలో ఎక్కేది."

అదీ అసలు బాధ. బావ ఒక్కడే ఎగిరితే ఆయన తల, ఆయన రాత. కానీ విజయదశమి రోజున బసవమ్మను ఎక్కించుకుని తిరుపతికి ఎగురుతానని శేషప్ప మాటిచ్చాడు. బసవమ్మ చుట్టాలందరికీ చెప్పుకుంది. రేణిగుంటలో దిగి, కారులో కొండెక్కి, దర్శనం చేసుకుని, సాయంత్రం దీపాల వేళకు బేరిగైలో ఉంటామని.

ధనశేఖర్ ఊరికే భయపడే మనిషి కాదు. సరుకు గురించి తెలిసినవాళ్లను అడిగాడు. రన్‌వే దగ్గర విమానం నేర్పే ఉదయశ్రీ అని అనంతపురం అమ్మాయి ఉంది. ముప్పై అయిదేళ్లుంటాయి. కొత్త విమానంలో శేషప్పతో కొన్నిసార్లు పైకి వెళ్లొచ్చింది. ఆ అమ్మాయి దాచకుండా చెప్పింది.

"ఆయనకు నడపడం రాక కాదండీ. చక్కగా నడుపుతారు. కాకపోతే పాత విమానంలో తప్పు చేస్తే దిద్దుకోవడానికి టైముంటుంది. దీంట్లో ఏదో తేడాగా ఉందే అని మనకు తోచేసరికి రెండు ఊళ్లు దాటిపోతాం. విమానం ముందు పోతోంది, ఆయన ఆలోచన వెనకాల పరిగెడుతోంది. పక్క సీట్లో ఇంకో పైలట్ ఉంటే చాలు, నిశ్చింతగా ఎగరొచ్చు. నేనే వస్తానన్నాను. ఆయనకు కోపం వచ్చింది."

కోపం రాకుండా ఉంటుందా. ధనశేఖర్ ఆ మాటెత్తితే శేషప్ప గులాబి కొమ్మ కత్తిరించినట్టు కత్తిరించేశాడు.

"ఆ పాప పుట్టకముందు నుంచి నేను వ్యాపారం చేస్తా ఉండాను."

"వ్యాపారం చేసినావు బావా. విమానం తోల్లేదు."

"డాక్టరు కాగితం చూసినావా? గుండె గట్టిగా ఉండాది. కండ్లు గట్టిగా ఉండాయి. షుగర్ లేదు. నీకుండాది షుగర్!"

"నా షుగర్ గంటకు మూడు వందల కిలోమీటర్లు పోదు కదా!"

"చూడు ధనా, నువ్వు భూమి మీద మనిషివి. మూట కింద పడితే మళ్లా ఎత్తుకుంటావు. నీకు పైన సంగతి తెలీదు."

"అదే కదా బావా నేను చెప్పేది. మూటనైతే మళ్లా ఎత్తుకుంటాను."

గోడకు చెప్పినట్టే. ఇక అక్కను పట్టుకుందామని ధనశేఖర్ ఆయుధ పూజ నాటి సాయంత్రం విమానం షెడ్డుకు పోయాడు.

హోసూరులో ఆయుధ పూజ అంటే లారీ అని లేదు, లేత్ మిషన్ అని లేదు, తిరిగేది కోసేది ప్రతిదానికీ గంధం, కుంకుమ పడాల్సిందే. విమానానికి మాత్రం ఎందుకు పడకూడదు? షెడ్డు ముందర బూడిద గుమ్మడికాయ పగిలి ఉంది. మూడు చక్రాల కిందా నిమ్మకాయలు. మెకానిక్కులు, ఉదయశ్రీ అందరూ పూజ బొరుగులు తీసుకుని సెలవు మీద ఇళ్లకు పోయారు. బసవమ్మ కంచు గిన్నెలో గంధం, పసుపు ముద్దగా కలుపుకుని విమానం చుట్టూ తిరుగుతూ కంటికి ఆనిన చోటల్లా బొట్టు పెడుతోంది. శేషప్ప వెనకాల నిలబడి ఫోనులో ఫోటోలు తీస్తున్నాడు.

తోకకు కొంచెం ముందు, పక్కన, రూపాయి బిళ్లంత రేకు కనబడింది బసవమ్మకు. దాని నడుమ సూది మొనతో పొడిచినట్టు సన్నని బెజ్జాలు.

"ఇదేందండీ? కన్నా?"

"చెవి అనుకో. బయటి గాలి ఒత్తిడి ఆ బెజ్జాల్లోంచే లోపలికి తెలిసేది. దాన్ని బట్టే మనం ఎంత ఎత్తులో ఉండాము, ఎంత వేగంగా పోతా ఉండాము అని తెరమీద పడతాది. ఆ పక్క కూడా ఒకటుంది."

"చెవులకు పెట్టకుంటే ఎట్ల?" అని బసవమ్మ గంధం ముద్ద మందంగా అద్ది, దానిమీద కుంకుమ దిద్ది, తోట నుంచి తెచ్చిన గులాబి రేకు అంటించింది. ఆ పక్కకు పోయి రెండోదానికీ పెట్టింది.

"రేపు పొద్దున మరవకుండా తుడవాల దాన్ని," అన్నాడు శేషప్ప.

"ఈ పొద్దు మాత్రం తుడిచేరు! పూజ బొట్టు పొద్దు మారేదాకా తుడవకూడదు."

"తెలుసు లేవే. నాకు చెప్తావు."

ధనశేఖర్ అక్కను పక్కకు పిలిచాడు. ఉదయశ్రీ చెప్పినదంతా చెప్పాడు. బసవమ్మ చేతికి అంటిన గంధం కొంగుకు తుడుచుకుంటూ విన్నది.

"నాకు తెలీదా ధనా? పోయిన నెల కారు తాళాలు ఫ్రిజ్‌లో పెట్టినాడు. అడిగితే నేనే పెట్టినానంటాడు."

"తెలిసీ ఎక్కుతావా?"

"నేను ఎక్కితే జాగ్రత్తగా పోతాడు. ఒక్కడైతే కుర్రోని మాదిరి పోతాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుంటే ఆయప్పకు కొంచెం బరువు తెలుస్తాది."

అక్క తనను తాను తక్కెట్లో రాయిలాగా వేసుకుంటోందని ధనశేఖర్‌కు అప్పుడు అర్థమైంది. కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు. ఎగిరేవాడు వినడు. వినే మనిషేమో తానూ ఎక్కుతానంటోంది. వీళ్లిద్దరినీ కట్టిపెట్టే తాడు మండీలో దొరికేది కాదు.

చివరికి ఆయనకు తెలిసిన పద్ధతే పట్టాడు. కొత్త ఊరి సరుకు వస్తే బండి మొత్తం దించుకోరు. ఒక మూటకు గొట్టం గుచ్చి, మచ్చు తీసి చూస్తారు. మచ్చు బాగుంటేనే మిగతా సరుకు.

"బావా, రేపు అక్క కంటే ముందు నన్ను ఎక్కించు. డ్యాం దాకా పోయి వద్దాము. నాకు సరిపోయిందనుకో, ఇంక నోరెత్తను. సరిపోలేదంటే అక్క కారులో తిరుపతికి పోతాది."

శేషప్ప పగలబడి నవ్వాడు. "నువ్వా? జెయింట్ వీల్ ఎక్కి కండ్లు మూసుకున్నోనివి! రా అప్పా, రా. దిగినాక మీ మండీలో నువ్వే చెప్పు, శేషప్ప ఎట్ల తోల్తాడని."

మరునాడు ధనశేఖర్ వచ్చేసరికి శేషప్ప షెడ్డులో ఒక్కడే ఉన్నాడు. తడిగుడ్డతో ముందు అద్దం మీది బొట్లు తుడుస్తున్నాడు. ఎగిరే ముందు విమానం చుట్టూ చెయ్యి వేసి తడుముతూ ఒక చుట్టు తిరగడం ఆయన ఇరవై ఏళ్ల అలవాటు. ప్రదక్షిణం అంటాడు దాన్ని. ముక్కు దగ్గర మొదలు పెట్టి, రెక్క, తోక, ఆ పక్క రెక్క, మళ్లీ ముక్కు. ఆ రోజు ముక్కు తుడిచాడు, ఎడమ రెక్క కిందకు వంగి గాలి గొట్టం మూతి తుడిచాడు, అక్కడినుంచి తోకవైపు అడుగేశాడు.

అప్పుడే ధనశేఖర్ నోరు ఊరుకోలేదు. "బావా, ఇంకొక్కసారి చెప్తా ఉండాను. ఆ ఉదయశ్రీ పాపకు ఫోన్ చేస్తే వస్తాదంట. పండగైనా వస్తానన్నది."

శేషప్ప ఆగిపోయాడు. గుడ్డ పట్టుకునే తిరిగాడు. "నువ్వు మాట్లాడినావా ఆ పాపతో? నా వెనకాల? నా గురించి?"

"నీ గురించి కాదు, మా అక్క గురించి."

"మీ అక్కను నలభై ఎనిమిదేళ్లుగా ఎవరు చూసుకుంటా ఉండారు? నువ్వా?"

ఇద్దరూ రెక్క దగ్గరే నిలబడి అరుచుకున్నారు. పాత కథలన్నీ బయటపడ్డాయి. పెళ్లిలో అలిగినది, తోటకు నీళ్ల పైపు వేసేటప్పుడు మాట అనుకున్నది, అన్నీ. చివరికి శేషప్ప గుడ్డను బల్లమీద విసిరేసి, "ఎక్కు! ఎక్కి కూర్చో! ఇంక మాటల్లేవు!" అని విమానం ముందునుంచే చుట్టి వచ్చి, ఆ పక్క రెక్కను ఒకసారి తట్టి ఎక్కేశాడు. తోకవైపు ఎవరూ పోలేదు.

బెంగళూరు వాళ్లతో రేడియోలో మాట్లాడి అనుమతి తీసుకున్నాడు. విమానం రన్‌వే మీద పరిగెత్తింది. ధనశేఖర్ వీపు సీటుకు అతుక్కుపోయింది. లేచిన తీరు మాత్రం నిజంగా బాగుంది. కింద గులాబి తోటల ప్లాస్టిక్ కప్పులు ఎండకు మెరిశాయి. ఉద్దనపల్లి వైపు రాళ్లగుట్టలు పచ్చపచ్చగా ఉన్నాయి. శేషప్ప ముఖంలో గర్వం. ధనశేఖర్‌కు క్షణంపాటు సిగ్గేసింది కూడా. అనవసరంగా అరిచానా అనుకున్నాడు.

కానీ ఆయన కన్ను కొలతలకు అలవాటు పడిన కన్ను. ఎగిరేముందు బావ తెరమీద చూపించి చెప్పాడు, "ఇదిగో, సముద్రం నుంచి మన హోసూరు మూడు వేల అడుగులు, చూడు." ఆ అంకె ఇంకా మూడు వేల దగ్గరే ఉంది. కింద చూస్తే లారీలు చీమలంత ఉన్నాయి.

"బావా, ఇది కదలడం లేదేంది?"

"ఏది?"

"ఈ ఎత్తు. నేల మీద మూడు వేలు, ఈడ కూడా మూడు వేలా? మా కాటా ముల్లు ఇరుక్కున్నప్పుడు ఇట్లనే ఉంటాది."

శేషప్ప చూశాడు. వేలితో తెరను తట్టాడు, పాత మీటరును తట్టినట్టు. తెరలకు తట్టుడు తెలుస్తుందా? పక్కన వేగం అంకె మెల్లగా తగ్గుతోంది. అది తగ్గడం చూసి ఆయన ముఖం మారింది.

"ఇంజను… ఇంజను లాగడం లేదు," అన్నాడు.

చేతిలోని కర్రను ముందుకు నొక్కాడు. విమానం ముక్కు కిందికి వంగింది. మోత పెరిగింది. అద్దాల పక్కన గాలి ఈల వేయడం మొదలెట్టింది. చెవులు గుయ్యిమన్నాయి. కృష్ణగిరి కోట కొండ అద్దంలో పక్కనుంచి ఎదురుగా వచ్చింది, పెద్దదవుతోంది.

"బావా, నిదానంగా పోతా ఉందంటావు, ఈ ఈలేంది?"

"వేగం లేదు రా! తెర చూడు, వేగం లేదు!"

"తెరను వదిలిపెట్టు బావా! బయట చూడు!"

శేషప్ప తెరనూ వదల్లేదు, బయటా చూడలేదు. ఒక మూలన జీపీఎస్ అని ఇంకో చిన్న అంకె వేరే ఎత్తు చెబుతోంది. ఆయన కండ్లు ఆ రెండింటి మధ్య ఇటూ అటూ తిరుగుతున్నాయి. పెదాలు కదులుతున్నాయి కానీ మాట లేదు. అన్నాళ్లూ ధనశేఖర్ భయపడింది గుండె ఆగిపోతుందేమో, కండ్లు తిరుగుతాయేమో అని. అలాంటిదేమీ లేదు. మనిషి నిక్షేపంగా ఉన్నాడు. తక్కెడ తప్పు చూపిస్తుంటే నమ్మి తూచుకుంటూ పోతున్నాడు, అంతే.

"చెవులు!" అని అరిచాడు శేషప్ప ఉన్నట్టుండి. "చెవులు మూసుకున్నాయి! బొట్టు!"

"అయితే ఏం చేయాల? చెయ్యి అది!"

"లోపలి గాలి… లోపలి గాలి తీసుకునే మీట ఒకటుంటాది, అది లాగితే…" అంటూ శేషప్ప ఎడమ చెయ్యి తెర కిందికి పోయింది. అక్కడ తడిమింది. మళ్లీ తడిమింది. అక్కడ ఏమీ లేదు, నున్నటి రేకు తప్ప. పాత ఇంట్లో స్విచ్చి ఉండిన చోట కొత్త ఇంటి గోడను చీకట్లో తడిమినట్టు ఆ చెయ్యి అదే చోట తిరుగుతోంది. కొండ మీది బురుజు రాళ్లు విడివిడిగా కనబడుతున్నాయి.

"ఆడ లేదు బావా! ఆడ ఏమీ లేదు! ఇంకోచోట చూడు!"

శేషప్ప తన చెయ్యిని ఎవరిదో చెయ్యిలాగా చూశాడు. తర్వాత మోకాలి పక్కకు వంగి, ఎర్ర అంచున్న చిన్న మీట ఒకటి వెతికి పట్టుకుని ఎత్తాడు.

తెరమీద అంకెలన్నీ ఒక్కసారి దుమికాయి. అంతసేపూ మూగగా ఉన్న యంత్రం గొంతు చించుకుని అరిచింది. వేగం ఎర్ర గీత దగ్గర ఉంది. శేషప్ప ఇంజను మోత తగ్గించాడు. ముక్కును మెల్లగా, చాలా మెల్లగా, పసిబిడ్డ తల ఎత్తినట్టు ఎత్తాడు. కొండ పక్కకు జరిగి, కిందికి జారి, వెనక్కి పోయింది. డ్యాం నీళ్లు వచ్చాయి.

హోసూరు రన్‌వే కనబడినప్పుడు మొదటిసారి సరిగ్గా రాలేదు. ఎత్తు ఎక్కువైంది, వేగం ఎక్కువైంది. రన్‌వే సగం కిందనుంచి పోయింది. మొండిగా దించేస్తాడని ధనశేఖర్ కాళ్లు బిగబట్టుకున్నాడు. శేషప్ప దించలేదు. "లేదు. మళ్లా వస్తాను," అని తనలో తాను అనుకుని పైకి లేపాడు. రెండో చుట్టులో నిదానంగా వచ్చి దించాడు. చక్రాలు నేల తాకిన చప్పుడు కూడా రాలేదు. అదీ ధనశేఖర్‌కు కోపమే తెప్పించింది. ఇంత బాగా దించడం వచ్చినవాడికి అంత చిన్న సంగతి రాకపోవడమేమిటి?

షెడ్డు ముందర ఆగాక శేషప్ప దిగి నేరుగా తోక దగ్గరికి పోయాడు. గులాబి రేకు ఎగిరిపోయింది. గంధం మాత్రం సిమెంటులాగా ఎండి బెజ్జాల్లో కూర్చుంది. గోటితో గీకాడు. ఆ పక్కకు పోయి అక్కడా గీకాడు.

"నువ్వు నోరు మూసుకుని ఉంటే తుడిచేవాణ్ని," అన్నాడు వెనక్కి తిరగకుండానే.

ధనశేఖర్ లెక్క వేసుకున్నాడు. అది నిజమే. తన మాటవల్లే ఆయన ప్రదక్షిణం సగంలో ఆగింది. ఆ సగం తన పద్దులో వేసుకోవాల్సిందే. "ఒప్పుకుంటాను బావా. నేనే ఆపినాను. కానీ ఈ పొద్దు నేను ఆపినాను. రేపు ఫోను ఆపుతాది. ఎల్లుండి వాన. నీ చుట్టు పూర్తి కాకుండా చేసేది ఏదో ఒకటి ఉంటానే ఉంటాది."

శేషప్ప ఏదో అనబోయాడు. అంతలో కారు వచ్చి ఆగింది. బసవమ్మ పట్టుచీర కట్టుకుని, పులిహోర డబ్బా, సంచి పట్టుకుని దిగింది. మొగుడు తోక దగ్గర గోరు పెట్టి గీకుతుండటం చూసింది, తమ్ముడి చొక్కా చెమటకు తడిసి ఉండటం చూసింది.

"ఏమైంది?"

ధనశేఖర్ చెప్పాడు. మొత్తం చెప్పాడు, కొండతో సహా. బసవమ్మ డబ్బా పట్టుకుని నేలమీదే కూర్చుండిపోయింది. "అయ్యో, నా చేత్తోనే పెట్టినాను కదరా! మిమ్మల్నిద్దర్నీ నేనే…" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంచెంసేపు ఏడ్చింది. తర్వాత కండ్లు తుడుచుకుని లేచింది.

"సరే, ఇంకమీద చెవులకు పెట్టను. ముక్కుకు మాత్రమే పెడతాను. ఇప్పుడు శుభ్రమైంది కదా? పదండి, దర్శనం టైము దాటిపోతాది."

ధనశేఖర్‌కు తల తిరిగింది. కొండ ఎదురొచ్చినప్పుడు కూడా అంత తిరగలేదు. "అక్కా! బొట్టు సంగతి కాదక్కా! బొట్టు కాదు!"

"ఇంకేంది మరి? బొట్టే కదా?"

"బావా, చెప్పు! నువ్వన్నా చెప్పు! కాదంటే మీ ఇద్దరికీ దండం పెట్టి ఇంటికి పోతాను. ఎట్లన్నా చావండి."

శేషప్ప విమానానికి వీపు ఆనించి నిలబడ్డాడు. ఆయన్ను చూస్తే, అమ్మకానికి పెట్టిన సరుకులో లోపం తానే మొదట చూసిన వ్యాపారిలా ఉన్నాడు. చెప్పాలా వద్దా అని.

"బొట్టు తుడిస్తే పోతాది బసవా," అన్నాడు చివరికి. "ఈ చెయ్యి చూడు. దీనికి నేనేమీ చెప్పలేదు, అదే పోయింది. పాత విమానంలో మీట ఉండే చోటికి పోయింది. నేను పిలుస్తా ఉండాను, రాలేదు. ధన అరిస్తే వచ్చింది."

బసవమ్మ ఆ చెయ్యిని రెండు చేతులతో పట్టుకుంది. గోళ్లలో గంధం ఉంది.

"అయితే ఈ పొద్దు కారులో పోదాము," అన్నది.

"ఊఁ."

మళ్లీ ఎప్పుడు ఎగురుతావు, ఎగరవా అని ఆమె అడగలేదు. ధనశేఖర్ అడగాలనుకున్నాడు. కానీ బేరంలో ఎదుటివాడు ఒక మెట్టు దిగినప్పుడు వెంటనే రెండో మెట్టు దిగమంటే మొదటిదీ ఎక్కేస్తాడు. అది మండీలో నేర్చుకున్నది. నోరు కుట్టుకుని కారు తాళం తీసుకున్నాడు.

కృష్ణగిరి టోల్ గేటు దాటగానే ముందు సీట్లోంచి శేషప్ప సలహాలు మొదలయ్యాయి. లారీకి అంత దగ్గరగా పోవద్దన్నాడు. అద్దంలో చూడమన్నాడు. ఇండికేటరు వేయలేదన్నాడు. ధనశేఖర్ పళ్లు నూరుకున్నాడు.

"కొంచెం నిదానంగా పో ధనా. నీకు అరవై దాటినాయి."

వెనకనుంచి బసవమ్మ కిసుక్కున నవ్వింది. ధనశేఖర్ స్టీరింగు మీద చేత్తో కొట్టాడు. హారను మోగింది. పక్కన పోయే స్కూటరువాడు తిట్టుకుంటూ పోయాడు.

బర్గూరు దగ్గర పులిహోర తినడానికి ఆగినప్పుడు శేషప్ప ఫోను తీశాడు. స్పీకరు పెట్టాడు. బావ ఎవరికి చేస్తున్నాడో గొంతు విన్నాకగానీ ధనశేఖర్‌కు తెలియలేదు.

"దసరా శుభాకాంక్షలు సర్," అన్నది ఉదయశ్రీ. "తిరుపతికి వెళ్లారా?"

"కారులో పోతా ఉండాము అమ్మా. పొద్దున ఒక తప్పు జరిగింది. దాన్ని గురించి విమానాల ఆఫీసుకు రాసివ్వాల కదా, ఎట్ల రాయాలో చెప్పు."

జరిగినదంతా చెప్పాడు. బొట్టు చెప్పాడు, సగంలో ఆగిన చుట్టు చెప్పాడు. బామ్మర్దితో గొడవ అని చెప్పలేదు, "మాటల్లో పడి" అన్నాడు. చెయ్యి సంగతి మాత్రం దాచలేదు.

"సర్, రాయడం నేను చూసుకుంటాను. వేగం అంత దూరం పోయింది కాబట్టి మెకానిక్కులు రెక్కలూ తోకా మొత్తం చూసేదాకా దాన్ని ఎవరూ ఎగరేయకూడదు. చూశాక కూడా మీరు ఒక్కరే ఎక్కకూడదు సర్. ఈ మాట నేను ముందే అన్నాను, మీకు కోపం వచ్చింది. ఇప్పుడూ వస్తే రానివ్వండి."

"రాలేదమ్మా. అది చెప్పేకే ఫోను చేసినాను. నువ్వు పక్కన లేనిదే తాళం తీయను. తాళం నీ దగ్గరే పెట్టుకో."

ధనశేఖర్ నోట్లో పులిహోర ముద్ద ఆగిపోయింది. ఏడాది పాటు గొంతు పోయేదాకా అరిచినా దిగని ధర అది.

"కానీ అమ్మా," అన్నాడు శేషప్ప. ధనశేఖర్ కండ్లు మూసుకున్నాడు. "ఎడమ సీటు నాదే. నువ్వు కుడి పక్క కూర్చోవాల. షెడ్డులో అడిగినోళ్లకు నువ్వు నా కో-పైలట్ అని చెప్పాల, నాకు నేర్పిస్తా ఉండావని చెప్పకూడదు. ఇంకా, మీటల మీద చెయ్యి వేసే ముందు నన్ను అడగాల. అడిగి, నేను జవాబు చెప్పేలోపల వేసుకో. అది వేరే. కానీ అడగాల."

అవతల ఆ అమ్మాయి మాట దాటేయబోయింది. "సర్, అవన్నీ మనం తర్వాత…"

ధనశేఖర్ ఫోనువైపు వంగాడు. మొత్తం సరుకు దింపుకున్నాక కొసరు దగ్గర బేరం చెడగొట్టుకునే వ్యాపారి ఎక్కడా ఉండడు.

"ఇచ్చేయమ్మా," అన్నాడు. "అడిగిందంతా ఇచ్చేయ్."